'నోట్స్ ఆన్ నర్సింగ్': శుశ్రూషావృత్తిలో సార్థకత - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససారాంశం:

నర్సు వృత్తికి సార్థకత త్యాగంలో ఉందన్న భావన లోకంలో స్థిరపడింది. ఆధునిక నర్సింగ్‌కు ఆద్యురాలిగా పేరొందిన ఫ్లోరెన్స్ నైటింగేల్ 'నోట్స్ ఆన్ నర్సింగ్' గ్రంథం ఆ భావనను బలపరచదు. పరిశీలన, బాధ్యత అనే రెండు గుణాల్లో ఆ గ్రంథం వృత్తి విలువను నిలిపిన తీరును, ఆ దృష్టికి ఉన్న పరిమితులను ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: శుశ్రూష, నర్సింగ్, పరిశీలన, బాధ్యత, సేవ, వృత్తిగౌరవం.

1. ఉపోద్ఘాతం:

క్రిమియా యుద్ధకాలంలో, 1854 నవంబరులో, నైటింగేల్ (1820-1910) 38 మంది స్త్రీల బృందంతో స్కుటారి సైనికాసుపత్రికి చేరారు. లోకానికి గుర్తుండిపోయింది మాత్రం దీపం పట్టుకొని రాత్రివేళ రోగుల నడుమ తిరిగిన మూర్తి. ఆ మూర్తికి విస్తృత ప్రచారం కల్పించినది 1857లో అమెరికన్ కవి లాంగ్‌ఫెలో రాసిన కవిత. నర్సింగ్ విద్యార్థులు దీపం వెలిగించి చేసే ప్రతిజ్ఞ సైతం ఆమె రచన కాదు. అది 1893లో అమెరికాలో రూపొందింది. ఆమె పేరిట చలామణీ అవుతున్న ఈ రెండు ప్రతీకలూ ఇతరులు కల్పించినవే. కనుక ఈ వృత్తి గురించి ఆమె స్వయంగా ఏమన్నారో తెలుసుకోవడానికి ఆమె గ్రంథమే ఆధారం.

2. శుశ్రూష - అర్థవిచారం:

'శుశ్రూష' అనే పదం 'శ్రు' ధాతువు సన్నంతరూపం నుండి ఏర్పడింది. వినవలెననే కోరిక దాని మూలార్థం. సేవ, పరిచర్య అనే అర్థాలు దాని నుండి విస్తరించాయి. చరకసంహిత సూత్రస్థానం వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనే నాలుగింటినీ చికిత్సకు పాదాలుగా పేర్కొంది. పరిచారకునికి ఉపచారజ్ఞానం, దక్షత, అనురాగం, శౌచం ఉండాలని నిర్దేశించింది. ఈ నాలుగింటిలో హృదయానికి సంబంధించినది అనురాగం ఒక్కటే. తక్కినవి నేర్చి, అభ్యసించి సాధించవలసినవి. నేటి వాడుకలో 'సేవ' అనే మాట అనురాగాన్ని మాత్రమే మిగిల్చి, జ్ఞానాన్ని, దక్షతను మరుగుపరచింది.

3. గ్రంథంలో వృత్తిదృష్టి:

1859లో వెలువడిన ఈ గ్రంథంలో 13 ప్రకరణాలున్నాయి. గాలి, వెలుతురు, ఆహారం, పడక, పరిశుభ్రత వంటి సామాన్యమైన విషయాలే వాటిలో అధికం. రోగిని నయం చేసేది ప్రకృతి అనీ, ఆ పని సాగడానికి అనువైన స్థితిలో రోగిని ఉంచడమే నర్సు కర్తవ్యమనీ గ్రంథసారం.

రోగిపరిశీలన ప్రకరణంలో నైటింగేల్ ప్రశ్న అడిగే తీరునే పరీక్షకు పెట్టారు. 'రాత్రి బాగా నిద్రపట్టిందా?' అనే ప్రశ్నకు వచ్చే జవాబు ఎవరికీ ఉపయోగపడదు. ఎన్ని గంటలు, ఏ వేళల్లో నిద్రపోయారో అడిగినప్పుడే నిజం తెలుస్తుంది. మొదటిది మర్యాద, రెండవది శుశ్రూష. శబ్దాన్ని గూర్చిన ప్రకరణంలో రోగి గదిలో గుసగుసలాడడాన్ని ఆమె క్రూరత్వంగా పరిగణించారు. తనను గురించే మాట్లాడుతున్నారేమోనని రోగి చెవులు రిక్కించి శ్రమపడతాడని ఆమె గ్రహింపు.

బాధ్యతను గూర్చిన ఆలోచన ఇంకా లోతైనది. తాను ఉన్నప్పుడు జరిగే పని తాను లేనప్పుడూ జరిగేటట్లు ఏర్పాటు చేయడమే బాధ్యత అని ఆమె నిర్వచించారు. అహర్నిశలు రోగి మంచం వీడని త్యాగమూర్తికి ఈ నిర్వచనంలో ప్రత్యేక స్థానం లేదు. ప్రేమలో విఫలమైన స్త్రీయో, మరే పనికీ పనికిరాని స్త్రీయో మంచి నర్సు కాగలదనే లోకాభిప్రాయాన్ని ముగింపులో ఆమె ఎద్దేవా చేశారు.

4. పరిమితులు:

గ్రంథంలో కొన్ని వైరుధ్యాలు లేకపోలేదు. ప్రతి స్త్రీ ఏదో ఒక సమయంలో నర్సేనని పీఠికలో చెప్పడం వల్ల, నేర్చుకొని చేయవలసిన పని మళ్లీ స్త్రీస్వభావంగా కనిపించే ప్రమాదం ఏర్పడింది. బ్రిటన్‌లో నర్సుల నమోదు కోసం 1887 తరువాత సాగిన ఉద్యమాన్ని ఆమె వ్యతిరేకించారు. శీలాన్ని పరీక్షలు కొలవలేవన్నది ఆమె వాదం. అది సబబే అయినా, కొలవలేని గుణం పేరిట కొలవదగిన నైపుణ్యానికి గుర్తింపు నిరాకరించడం సబబు కాదు. అక్కడ నమోదు చట్టం 1919లో గాని రాలేదు. భారతదేశంలో 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం నర్సుల శిక్షణకు ఏకరూప ప్రమాణాలను ఉద్దేశించింది.

మరొక పరిమితి మరింత ముఖ్యమైనది. ఇంట్లో ఒక రోగిని చూసుకొనే స్త్రీని దృష్టిలో పెట్టుకొని ఈ గ్రంథం ప్రధానంగా రచితమైంది. వార్డు నిండా ఉన్న రోగులను ఒక్కరే చూడవలసి వచ్చిన నర్సు, ఎవరు ఏ వేళ నిద్రపోయారో గమనించడం అసాధ్యం. అయితే ఈ లోపానికి సమాధానం గ్రంథంలోని బాధ్యతానిర్వచనంలోనే ఉంది. పని జరిగే ఏర్పాటు చేయడమే బాధ్యత అయితే, తగినంతమంది నర్సులను నియమించడం, వారికి విశ్రాంతి కల్పించడం ఆసుపత్రి యాజమాన్యపు బాధ్యత అవుతుంది. ఆ లోటును నర్సు సేవాభావంతో పూడ్చమనడం ఈ నిర్వచనానికే విరుద్ధం.

5. ముగింపు:

నర్సు తన వృత్తిలో పొందే సంతృప్తికి మూలం గమనించగలగడం, గమనించినదానిపై చర్య తీసుకోగలగడం అని ఈ గ్రంథపఠనం వల్ల తేలుతుంది. వినగోరడమే శుశ్రూష అయినప్పుడు, వినడానికి తీరిక లేని చోట అది పేరుకే మిగులుతుంది. నర్సును దేవతగా కీర్తించడం వల్ల ఆ తీరిక లభించదు. తెలుగు కథల్లో, నవలల్లో నర్సు పాత్రలను పరిశీలించే పరిశోధకులు ఆ పాత్ర ఎంత త్యాగం చేసిందన్న ప్రశ్నతో ఆగిపోకుండా, అది ఏమి గమనించింది, దాని మాటను ఎవరు విన్నారు అనే ప్రశ్నలు వేయడం అవసరం.