కణుజు వేట, సీసం గుండు

వేట తుపాకి మాట వస్తే గొట్టం పొడవు, గురి గురించే చెప్పుకుంటారు. మూతిలోంచి మందు దట్టించే తుపాకిలో అసలు పనంతా గుండుది. దాన్ని ఎంచుకోవడంలోనే వేటగాడి తెలివి, జంతువు మీద అతనికున్న గౌరవం తెలిసిపోతాయి.

మన ప్రాంతానికి ఈ తుపాకి కొత్తది కాదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట దగ్గర రెండు పక్షాల చేతుల్లో ఉన్నవీ మూతిలోంచి మందు కూరేవే. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో విల్లంబుల పక్కన నాటు తుపాకి కూడా చేరింది. పోడు చేలను అడవి పందుల నుంచి కాపాడుకోవాలి కదా! 1959 ఆయుధాల చట్టం కూడా పంట రక్షణకు ఇలాంటి తుపాకి లైసెన్సును ప్రత్యేకంగా ప్రస్తావించింది.

పంది సంగతి వేరు, కణుజు సంగతి వేరు. ఎదిగిన మగ కణుజు రెండు వందల కిలోలు దాటుతుంది, కొన్ని మూడు వందల దాకా తూగుతాయి. మందమైన తోలు, బలమైన జబ్బ. పిట్టల కోసం వాడే సీసపు రవ్వలు దాని మీద పేలిస్తే తోలు కిందే ఆగిపోతాయి. అది గాయంతో డొంకల్లో పడిపోయి, చీము పట్టి, రోజుల తరబడి బాధపడి చస్తుంది. అలా కొట్టడం వేట కాదు, పాపం.

కాబట్టి ఒక్కటే గుండు, అదీ బరువైనది కావాలి. అర అంగుళం గుండు సుమారు పన్నెండు గ్రాములు తూగుతుంది. పన్నెండో నంబరు గొట్టానికి సరిపడే గుండు అంటే పౌనుకు పన్నెండు తూగేది. రేగిపండంత ఉండి, ముప్పై ఎనిమిది గ్రాముల దాకా తూగుతుంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం మూతిలోంచి మందు దట్టించే తుపాకితో ఎల్క్ అనే పెద్ద జింకను వేటాడేందుకు అర అంగుళం కంటే సన్నని గొట్టాన్ని ఒప్పుకోదు.

కోలగుండు ఇంకా బరువు కదా అంటారు. నిజమే, 1849లో మినీయే గుండు వచ్చాక సైన్యాలన్నీ దానివైపే మళ్ళాయి. కానీ గొట్టం లోపల మెలిక గాళ్ళు ఉంటేనే అది తిరుగుతూ తిన్నగా పోతుంది. నాటు తుపాకి గొట్టం నున్నన. అందులో కోలగుండు పల్టీలు కొడుతుంది. పైగా బరువు పెరిగేకొద్దీ పల్చటి గొట్టం మీద ఒత్తిడీ పెరుగుతుంది. మధ్య భారత అడవుల్లో తిరిగిన జేమ్స్ ఫోర్సిత్ 1863లో రాసిన పుస్తకంలో, మెలిక గాళ్ళున్న తుపాకికి కూడా గుండ్రటి గుండునే సమర్థించాడు. మన కొండలకు నా ఓటూ దానికే.

పోత పోయడం చూడాల్సిన పని. సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది. అచ్చు చల్లగా ఉంటే గుండు మీద ముడతలు పడతాయి. వాటిని మళ్ళీ కరిగించాల్సిందే. లోపల గాలి బుడగ ఉంటే కంటికి తెలియదు, త్రాసులో తెలుస్తుంది. తోటి గుండ్ల కంటే తేలికగా తూగినది పక్కన పెట్టేయాలి. కణుజుకు మెత్తటి స్వచ్ఛమైన సీసమే మంచిది. తగలగానే అది చదునై గాయాన్ని వెడల్పు చేస్తుంది. తగరం, పాదరసం కలిపి గట్టిపరచిన గుండ్లు ఏనుగుల కోసం.

గుండు గొట్టం కంటే ఒక పిసరు చిన్నదిగా ఉండాలి. మైనమో కొవ్వో పూసిన నూలుగుడ్డ చుట్టి దింపితే ఆ సందు మూసుకుని మందు బలం వృథా కాదు. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ వదిలితే గొట్టమే పగలవచ్చు. అందుకే కడ్డీ మీద గీత పెట్టుకుని, గుండు అడుగుకు చేరిందో లేదో చూస్తారు.

ఇంత చేసినా యాభై గజాలు దాటితే నున్నటి గొట్టాన్ని నమ్మలేం. చైత్రమాసపు వేట నుంచి ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్ళు పేడ కొట్టేవారని, అప్పటి విశాఖపట్నం ఏజెన్సీ గురించి 1909లో మానవశాస్త్రవేత్త థర్‌స్టన్ రాశాడు. ఆ పరాభవానికైనా సిద్ధపడి, దూరంగా ఉన్న కణుజును వదిలేసేవాడే మంచి వేటగాడు. తప్పిన గుండు తర్వాత మళ్ళీ మందు పోసి, గుండు దింపేసరికి జంతువు కొండ దాటేస్తుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు కణుజు వేట నేరం. అది న్యాయమే. 2008 నుంచి ప్రపంచ ప్రకృతి సంరక్షణ సమితి దీన్ని ముప్పు పొంచి ఉన్న జాతుల్లో లెక్కిస్తోంది. వదిలేసిన కళేబరంలోని సీసం రాబందులకూ విషమే. మీ ఇంట్లో తాతల నాటి లైసెన్సు లేని తుపాకి ఉంటే పోలీసులకు అప్పగించండి. గుండ్ల అచ్చు, మందుకొమ్ము ఉంటే మాత్రం పాత ఇనుముకు అమ్మేయకండి. అరకు గిరిజన మ్యూజియం వారిని అడిగి చూడండి.