ఉత్తరుడి పగ్గాలు: పాలమూరు వాహనాభ్యాస కథనాల్లో గురువు స్థానం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

బండి నడపడం నేర్చుకున్న జ్ఞాపకాలను పెద్దలు పిల్లలకు చెప్పడం పాలమూరు ఇళ్లలో తరచుగా వినిపించే మౌఖిక కథనరూపం. ఈ కథనాల్లో నేర్చుకున్నవాడే నాయకుడు. నేర్పినవాడు దాదాపుగా కనిపించడు. తిమ్మాజిపేట పరిసరాల్లో విన్న కథనాల ఆధారంగా ఈ లక్షణాన్ని పరిశీలించడం, ఆంధ్రమహాభారతంలోని సారథ్య ఘట్టాలతో పోల్చి దాని స్వరూపాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. నేర్చుకున్నవారు నేర్పేవారుగా మారినప్పుడు కథనం ఎలా మారుతుందో, ఆ మార్పుకు యుక్తవయస్సు పిల్లల భద్రతతో గల సంబంధమేమిటో కూడా ఇందులో చర్చించాను.

కీలకపదాలు: మౌఖిక కథనం, వాహనాభ్యాసం, ఉత్తరకుమారుడు, శల్యసారథ్యం, పాలమూరు, స్త్రీల కథనాలు, స్మృతి.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారి నిత్యవ్యవహారంలో నిలిచిన రెండు జాతీయాలు రథం తోలిన ఘట్టాల నుంచి వచ్చాయి. ఒకటి ‘ఉత్తరకుమార ప్రగల్భాలు’, రెండవది ‘శల్యసారథ్యం’. మొదటిదాన్ని గొప్పలు చెప్పుకొనేవారికీ, రెండవదాన్ని సాయం చేస్తున్నట్టుగా ఉంటూ నిరుత్సాహపరిచేవారికీ వాడుతున్నాం. ఈ రెండు ఘట్టాల్లోనూ ఒకే రథంపై ఇద్దరుంటారు. ఒకరి చేతిలో పగ్గాలుంటాయి. పక్కనున్నవారి మాట ఆ చేతిని నిలబెట్టనూ గలదు, వణికించనూ గలదు. బండి నేర్పే సందర్భంలోనూ ఇదే అమరిక ఉంటుంది. అందువల్ల వాహనాభ్యాస జ్ఞాపకాలను పరిశీలించడానికి ఈ జాతీయాలు, వాటి వెనుకనున్న కావ్యఘట్టాలు ఉపకరిస్తాయని భావిస్తున్నాను.

2. పరిధి – ఆకరాలు:

తిమ్మాజిపేట ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన నాగర్‌కర్నూల్ జిల్లాలో ఇప్పుడు మండల కేంద్రంగా ఉంది. ఏకశిలా గణపతి విగ్రహంతో ప్రసిద్ధి పొందిన ఆవంచ ఈ మండలంలోని గ్రామమే. 44వ జాతీయ రహదారిపైనున్న జడ్చర్ల ఈ ప్రాంతానికి చేరువలోని పట్టణం. దుక్కిచేనులోనో, ఎండిన చెరువు శిఖంలోనో బండి నేర్చుకున్న పిల్లలు కొద్దికాలానికే లారీలు నడిచే రహదారి మీదికి వస్తారు. ఈ ప్రాంతపు కథనాలను ప్రత్యేకంగా పరిశీలించవలసిన కారణాల్లో ఇదొకటి.

నా కుటుంబంలో, బంధువుల్లో, సహోద్యోగుల్లో విన్న కథనాలు, నా స్వీయానుభవం ఈ వ్యాసానికి ఆకరాలు. వక్తల పేర్లు ఇవ్వడం లేదు. ఇవి గణాంకాలకు చాలినంత సామగ్రి కాదు కనుక కథనాల నిర్మాణానికే పరిశీలనను పరిమితం చేస్తున్నాను.

3. నేర్చుకున్నవారి కథనం:

పురుషులు చెప్పే కథనాల్లో నాలుగు దశలు కనిపిస్తాయి. అవి కోరిక, దొంగతనం, పతనం, ప్రదర్శన. కథ తరచుగా కిరాయి సైకిలుతో మొదలవుతుంది. కాళ్లు అందని వయస్సులో సైకిలు నడిమి డండా కింది నుంచి కాలు దూర్చి తొక్కడాన్ని ఈ ప్రాంతంలో ‘కాంచి తొక్కుడు’ అంటారు. ఆ తరువాత తండ్రి మధ్యాహ్నం నిద్రలో ఉండగా బజాజ్ చేతక్ స్కూటరునో, టీవీఎస్ 50నో తోసుకుంటూ ఊరు దాటించడం, శిఖంలో పడి మోచేయి గీరుకోవడం, ఆ దెబ్బను పొడుగు చేతుల చొక్కాతో దాచడం వస్తాయి. చివరికి ఒకనాడు ఆ తండ్రినే వెనుక కూర్చోబెట్టుకొని సంతకు తీసుకుపోవడంతో కథ ముగుస్తుంది. వ్యవసాయ కుటుంబాల్లో స్కూటరు స్థానంలో ట్రాక్టరు ఉంటుంది. నిర్మాణం మాత్రం మారదు.

ఈ కథనాలన్నింటికీ పల్లవి వంటి వాక్యం ఒకటుంది: “నాకెవ్వరు నేర్పలే.” కాని కథనంలోని వివరాలే ఈ వాక్యాన్ని ఖండిస్తాయి. సైకిలు వెనుక క్యారియరు పట్టుకొని పరుగెత్తి, చెప్పకుండా చేయి వదిలిన అన్న ఒకడుంటాడు. ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని “క్లచ్చి మెల్లగ ఇడువు, మెల్లగ” అన్న జీతగాడు ఒకడుంటాడు. వక్త ఈ మాటలను చెప్పేటప్పుడు గొంతు మార్చి, ఆ మనిషి యాసతోనే అనుకరిస్తాడు. దీన్నిబట్టి, కథావస్తువు నుంచి తొలగించిన గురువు సంభాషణలో మిగిలే ఉన్నాడని గుర్తించవచ్చు. క్లచ్చి వదలవలసిన తీరు వక్త కాలికి అందింది ఆ గొంతు ద్వారానే.

గురువును తొలగించడానికి కారణం కథనపు రసదృష్టిలో ఉంది. ఇవి హాస్యంతో కూడిన సాహసకథలు. ఎవరో ఓపికగా నేర్పారంటే సాహసం పలచబడుతుంది. మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’తో పోల్చితే ఈ విషయం స్పష్టమవుతుంది. పార్వతీశం తన ప్రయాణాల్లోని తెలియనితనాన్ని తానే బయటపెట్టుకుంటాడు. ఆ హాస్యం వక్తను చిన్నవాణ్ణి చేస్తుంది. వాహనాభ్యాస కథనంలోని పతనం మాత్రం వక్తను పెద్దవాణ్ణి చేయడానికి వస్తుంది. పడినా లేచాడు, లేచి నడిపాడు అన్నదే అక్కడి తాత్పర్యం.

4. ఉత్తరుడు – జాతీయం మరచిన భాగం:

తిక్కన విరాటపర్వంలోని ఉత్తరగోగ్రహణ ఘట్టం అందరికీ తెలిసినదే. అంతఃపుర స్త్రీల ముందు తన పరాక్రమాన్ని చెప్పుకొన్న ఉత్తరుడు, తగిన సారథి లేడన్నదే తనకున్న లోటని అంటాడు. బృహన్నల సారథిగా బయలుదేరిన అతడు కౌరవసేనను చూడగానే రథం దిగి పరుగెత్తుతాడు. జాతీయం ఇక్కడితో ఆగిపోయింది. కావ్యం ఆగలేదు. అర్జునుడు అతణ్ణి వెంటాడి పట్టుకొని, ఊరడించి, పాత్రలను తారుమారు చేస్తాడు. పారిపోయిన యువకుడే సారథి అవుతాడు. జమ్మిచెట్టు మీది ఆయుధాలను దింపినవాడూ, ఆ పూట యుద్ధమంతటా పగ్గాలు పట్టినవాడూ ఉత్తరుడే.

ఇక్కడ అర్జునుడి బోధనాపద్ధతి గమనించదగినది. శంఖధ్వనికి బెదిరిన ఉత్తరుడికి అతడు ధైర్యం చెబుతాడు. ఎదుటనున్న యోధులను వారి ధ్వజచిహ్నాలతో గుర్తుపట్టేలా పరిచయం చేసి, రథాన్ని ఎవరి వైపు నడపాలో నిర్దేశిస్తాడు. ఉత్తరుడికి గుర్రాలను తోలడం కొంత తెలిసినదే. అతడికి కొరవడినది భయం నడుమ చూపు నిలిపే నేర్పు. గురువు అందించినది దాన్నే. ధ్వజాన్ని గుర్తుపట్టడం మొదలయ్యాక, అంతకుముందు ఒకే ముద్దగా కనిపించి భయపెట్టిన సేన విడివిడి మనుషులుగా కనబడుతుంది.

ఘట్టం ముగింపు మరింత ముఖ్యమైనది. విజయం కొడుకుదేనని విరాటుడు పొంగిపోతుండగా, ఆ గెలుపు తనది కాదని, ఒక దేవకుమారుడు తనకు తోడై గెలిపించాడని ఉత్తరుడు సభలో చెబుతాడు. అజ్ఞాతవాస నియమం వల్ల పేరు చెప్పలేకపోయినా గురువు ఉనికిని దాచలేదు. ప్రగల్భాలకు పేరుపడినవాడు నేర్చుకున్న తరువాత ప్రగల్భం పలకలేదు. మన వాహనాభ్యాస కథనాల్లో క్రమం తలకిందులవుతుంది. నేర్చుకొనేటప్పుడు భయపడినవారు, నేర్చుకున్న తరువాత ప్రగల్భం మొదలుపెడతారు.

5. శల్యుడు – పక్కనున్నవాడి మాట:

కర్ణపర్వంలోని శల్యుడు సారథ్యంలో శ్రీకృష్ణుడికి సాటిరాగలవాడని కోరి తెచ్చుకున్నవాడు. తనకు తోచినట్టు మాట్లాడతానన్న షరతుతో అతడు పగ్గాలు పడతాడు. కర్ణుడి తేజస్సును తగ్గిస్తానని ధర్మరాజుకు అంతకుముందే మాట ఇచ్చి ఉన్నాడు. హంసకాకీయం వంటి కథలతో కర్ణుణ్ణి కించపరుస్తూ పోతాడు. అతడి నైపుణ్యంలో లోపం లేదు. హాని అతడి మాటలో ఉంది.

బండి నేర్పేవారిలో అధికులు నైపుణ్యం గల శల్యులే. “ఏం చూస్తున్నవ్?”, “చేతులు పడిపోయినయా?”, “నీతోని కాదు, దిగు” వంటి వాక్యాలు కథనాల్లో మళ్లీమళ్లీ వస్తాయి. వీటిలో సూచన లేదు. తీర్పు మాత్రమే ఉంది. వినేవారికి తప్పు జరిగిందని తెలుస్తుంది గాని, ఏం చేస్తే సరిపోతుందో తెలియదు. పగ్గాలు పట్టిన చేయి మారినా ఈ పోలిక చెల్లుతుంది. శల్యుడు తాను తోలుతూ రథికుణ్ణి కుంగదీస్తే, ఇక్కడ పక్కన కూర్చున్నవాడు తోలేవాణ్ణి కుంగదీస్తున్నాడు.

6. స్త్రీల కథనాలు:

స్త్రీలు చెప్పే కథనాల్లో ఈ నిర్మాణం పూర్తిగా మారిపోతుంది. దొంగతనం స్థానంలో అనుమతి, కోరిక స్థానంలో అవసరం ఉంటాయి. బడికి పోవడానికి బస్సు లేకపోవడమో, భర్త వేరే ఊరిలో పని చేయడమో ముందుగా చెప్పిన తరువాతనే కథ మొదలవుతుంది. నేర్చుకోవడానికి సంజాయిషీ ఇవ్వవలసిన అగత్యం పురుషుడికి లేదు. రెండవ భేదం గురువుకు సంబంధించినది. “మా తమ్ముడు నేర్పిండు”, “మా ఆయన నేర్పిండు” అనే వాక్యం స్త్రీల కథనంలో తప్పక వస్తుంది. పురుషుల కథనంలో గురువు మాయమైతే, స్త్రీల కథనంలో గురువు వెనుక నేర్చుకున్న మనిషి మరుగున పడుతుంది. నాలుగు గీతలు పడిన మోచేయి ఆమెదే అయినా ఓపిక పట్టిన కీర్తి అతడికి దక్కుతుంది.

ఉమ్మడి నల్లగొండ జిల్లా తండా నుంచి వచ్చిన వి. సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవరుగా చేరారు. అటువంటి వార్తలు ఊళ్లలో చర్చకు వచ్చినప్పుడు కూడా “ఎవరు నేర్పిండ్రట?” అన్న ప్రశ్న ముందు వినిపిస్తుంది. ఇదే ప్రశ్న పురుష డ్రైవరు గురించి వేయరు.

7. నేర్పినవారి కథనం:

నేర్పిన అనుభవాన్ని కథగా చెప్పేవారు చాలా తక్కువ. అందువల్ల ఇక్కడ స్వీయానుభవాన్ని ఉదాహరిస్తున్నాను. ఉద్యోగంలో చేరిన తరువాత, ఇరవై ఎనిమిదవ ఏట, మా అన్న నాకు స్కూటీ నేర్పాడు. ఎండాకాలం చెరువు శిఖం మా మైదానం. బండి పక్కకు లాగిన ప్రతిసారి వెనుక నుంచి “కండ్లు యాడ వెట్టినవ్?” అని అరిచేవాడు. ఆ వాక్యాన్ని అనుకరిస్తూ నేను చాలాకాలం ఇంట్లోవారిని నవ్వించాను.

ఆ తరువాత ఒక వేసవిలో అన్న కూతురికి నేర్పవలసిన పని నాకు వచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండి, లెర్నింగ్ లైసెన్సు వచ్చింది. బండికి ‘ఎల్’ అక్షరం అంటించాం. అదే శిఖం. మూడవ రోజున ఒక మేక అడ్డం వచ్చింది. బండి ఊగింది. నా నోటి నుంచి అప్రయత్నంగా వచ్చిన మాట: “కండ్లు యాడ వెట్టినవ్?” అమ్మాయి బండి ఆపి, కాలు కింద పెట్టి, వెనక్కి తిరగకుండానే అంది: “అత్తా, యాడ చూడాల్నో చెప్పు. అప్పుడు ఆడనే చూస్త.”

ఆ వాక్యాన్ని నేను ఎన్నేళ్లు హాస్యంగా చెప్పినా, అది మా అన్న భయమని నాకు అప్పటిదాకా తెలియలేదు. వెనుక కూర్చున్నవారి చేతిలో బ్రేకు ఉండదు, ఉన్నది నోరొక్కటే. నేర్చుకున్నవారు హాస్యంగా చెప్పే సంఘటనే నేర్పినవారి పక్షం నుంచి భయానకం అవుతుంది. ఆ భయం సూచనగా మారకపోతే తిట్టు అవుతుంది. మరునాటి నుంచి నేను చెప్పే తీరు మార్చుకున్నాను. “దాటిన మేకను చూడకు బిడ్డా, దాని వెనక వచ్చే పిల్లను చూడు. పిల్ల వెనక మేపెటోళ్లు ఉంటరు” అన్నాను. వేగం తానే తగ్గించుకుంది. అర్జునుడు ధ్వజాలు చూపడంలోని అర్థం నాకు పాఠ్యపుస్తకంలో కంటె ఆ శిఖంలోనే బాగా బోధపడింది.

నన్నయ అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో బాహుకుడు, ఋతుపర్ణుడు అశ్వహృదయాన్ని, అక్షహృదయాన్ని ఇచ్చిపుచ్చుకుంటారు. రథం మీద విద్య ఒకవైపే ప్రవహించదనడానికి అది ప్రాచీన నిదర్శనం. మా ఇంట్లో ఇప్పుడు ఆ అమ్మాయి చెప్పే కథలో “బండి అత్త నేర్పింది, నేర్పుడు నేను నేర్పిన” అన్న వాక్యం ఉంటుంది. నేర్చుకున్నవారు, నేర్పినవారు ఇద్దరూ ఉన్న కథనం నేను విన్న వాటిలో ఇదొక్కటే.

8. చెప్పని కథ:

ఈ కథనాల విమర్శకు సాహిత్యేతర ప్రయోజనం కూడా ఉంది. “ఎనిమిదో తరగతిల్నే ట్రాక్టరు నడిపిన” అన్న తండ్రి మాటను పదమూడేళ్ల కొడుకు హాస్యంగా వినడు, అనుమతిగా వింటాడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారు బహిరంగ ప్రదేశంలో వాహనం నడపరాదని చెబుతున్నది. 50 సీసీకి మించని మోటారు సైకిలుకు మాత్రం పదహారేళ్లు చాలు. 2019 సవరణతో చేరిన 199ఎ సెక్షను ప్రకారం మైనరు నేరం చేస్తే సంరక్షకుడు లేదా వాహన యజమాని దోషి అవుతాడు. మూడేళ్ల వరకు జైలుశిక్ష, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. నేరం తనకు తెలియకుండా జరిగిందనో, ఆపడానికి తగిన శ్రద్ధ తీసుకున్నాననో నిరూపించుకొనే భారం కూడా పెద్దవారిదే. బండి నడిపేవాడి వెనుక మరొకరున్నారని చట్టం గుర్తించింది. మన కథనం ఇంకా గుర్తించలేదు.

మరొక విషయం. ఈ కథలు చెప్పేవారందరూ పడి లేచినవారు. లేవనివారి కథను వారు చెప్పలేరు. అది తల్లి దగ్గర ఉంటుంది. ఆమెను ఎవరూ అడగరు. నలుగురు నవ్వుకొనే చోట ఆమె చెప్పదు. కనుక మనం వింటున్న హాస్యం మొత్తం అనుభవంలో ఒక సగం మాత్రమే. మౌఖిక కథనాలను సేకరించే పరిశోధకులు రెండవ సగాన్ని కూడా అడిగి వినవలసి ఉంది. అందుకు హాస్యగోష్ఠి పనికిరాదు. ఏకాంతం, ఓపిక కావాలి.

9. ముగింపు:

1. పురుషుల వాహనాభ్యాస కథనాల్లో గురువు కథావస్తువు నుంచి తొలగిపోయినా, అనుకరించిన సంభాషణగా నిలిచి ఉన్నాడు.

2. స్త్రీల కథనాల్లో అవసరం, అనుమతి ముందుకు వస్తాయి. గురువు ప్రధానమై నేర్చుకున్నామె కృషి వెనుకబడుతుంది.

3. నేర్చుకున్నవారి హాస్యం, నేర్పినవారి భయం ఒకే సంఘటనకు రెండు ముఖాలు. వాటిని కలిపి పరిశీలించినప్పుడే ఈ కథనాల రసస్వరూపం తెలుస్తుంది.

4. తీర్పు చెప్పే మాటకు శల్యుడు, చూపవలసిన చోటు చూపే మాటకు అర్జునుడు ఉదాహరణలు. ‘ఉత్తరకుమార ప్రగల్భాలు’ అన్న జాతీయాన్ని బోధించేటప్పుడు ఉత్తరుడు పగ్గాలు పట్టిన భాగాన్ని, సభలో గెలుపు తనది కాదన్న భాగాన్ని కూడా చేర్చి చెప్పడం అవసరం.

5. మైనరు వయస్సులో నడిపిన గొప్పలను ఇంట్లో చెప్పేటప్పుడు, ఆనాడు వెనుక నిలబడి భయపడినవారి పేరు కూడా చెప్పడం పిల్లలకు మేలు చేస్తుంది.