ప్రమాణాలు చేసిన మర్నాడు

కురొసావా ‘ఇకిరు’ (1952) గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువగా వాడే మాట ఇన్‌స్పైరింగ్. ఆ మాటతో నాకు కొంచెం పేచీ ఉంది. ఇన్‌స్పైర్ అయినవాళ్ళు తర్వాత ఏం చేస్తారో కూడా సినిమాలోనే ఉంది మరి.

వతనబె మునిసిపల్ ఆఫీసులో ఒక సెక్షన్‌కి పెద్ద. దాదాపు ముప్ఫై ఏళ్ళుగా ఒక్కరోజు మానకుండా కాగితాల మీద ముద్రలు కొడుతున్నాడు. కడుపులో కేన్సర్. మురుగు గుంట తీసేసి పిల్లలకి పార్కు కట్టించమని వచ్చిన ఆడవాళ్ళని ఈయన సెక్షన్ వాళ్ళు ఇంకో శాఖకి పంపితే, అందరూ తిప్పి తిప్పి మళ్ళీ ఇక్కడికే తోలతారు. (టికెట్ చూడగానే ‘మా టీమ్‌ది కాదు’ అని పక్కవాళ్ళకి అసైన్ చేసేవాళ్ళకి ఈ సీను బాగానే తగుల్తుంది.)

ఆనందం కోసం ఆయన ముందు వెళ్ళేవి మనమూ వెళ్ళే చోట్లే: బార్లు, డాన్సులు, రాత్రంతా తిరుగుళ్ళు. తర్వాత తొయొ అనే ఆఫీసు అమ్మాయి వెంట పడతాడు. ప్రేమ కాదు, ఆ పిల్లలో అంత హుషారు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలుసుకోవాలని. ఆమె దగ్గర ఫిలాసఫీ ఏమీ లేదు. గవర్నమెంటు ఉద్యోగం వదిలేసి బొమ్మల ఫ్యాక్టరీలో చేరింది. కీ ఇస్తే గెంతే కుందేలుని టేబుల్ మీద పెట్టి, ఇవి చేస్తుంటే పిల్లలందరితో స్నేహం చేసినట్టు ఉంటుందంటుంది. ఆయన కుందేలు పట్టుకుని గబగబా మెట్లు దిగుతుంటే, ఎదురుగా ఎక్కి వస్తున్న ఎవరో అమ్మాయికి స్నేహితులు పుట్టినరోజు పాట అందుకుంటారు. ఆ పాట ఈయనకే అని మనకి తెలుసు.

మామూలు సినిమా అయితే ఇక్కడ పార్కు కట్టే మాంటాజ్ పడేది. కురొసావా ఆ అర్జీని బయటికి తీయించి, నేరుగా హీరో చావింటికి తీసుకెళ్తాడు. సినిమా ఇంకా మూడో వంతు ఉంది! మిగతాదంతా సాకే తాగుతున్న ఆఫీసువాళ్ళ జ్ఞాపకాల్లో ముక్కలు ముక్కలుగా వస్తుంది. పేరు డిప్యూటీ మేయర్ కొట్టేశాడు. ఈయన ప్రతి గుమ్మం దగ్గరా వంగి నుంచున్నాడు. ఇంతకీ ఆనందంగా ఉన్నాడా? ఓ పోలీసు వచ్చి, మంచు కురుస్తుంటే ఉయ్యాల మీద పాడుకుంటూ కనిపించాడని చెప్పేదాకా మనకి తెలీదు. బార్‌లో కళ్ళనీళ్ళు కారుతుండగా పాడిన పాటే అది. కెమెరా కూడా ఇనప ఊచల మధ్య నుంచి, దూరంగానే చూస్తుంది.

ఆ తర్వాత జరిగేదే నాకు మింగుడుపడదు. మత్తులో అందరూ ఏడ్చి, ఆయనలా బతుకుతామని ప్రమాణాలు చేస్తారు. సినిమా అవగానే స్టేటస్ పెట్టే మనం ఆ గుంపులోనే ఉంటాం. మర్నాడు ఇంకో మురుగు ఫిర్యాదు వస్తుంది, కొత్త పెద్ద వేరే శాఖకి పొమ్మంటాడు. కిమురా ఒక్కడే విసురుగా లేస్తాడు. అందరూ చూస్తారు. మెల్లిగా కూర్చుని ఫైళ్ళ వెనక మునిగిపోతాడు.

2022లో ఇషిగురో స్క్రీన్‌ప్లేతో వచ్చిన ‘లివింగ్’లో బిల్ నై గొప్పగా చేశాడు గానీ, అందులో కుర్ర గుమాస్తాకి చనిపోయిన ఆఫీసరు ఓ ఉత్తరం రాసిపెట్టి పోతాడు. అక్కర్లేని దయ అది. కిమురాకి ఏ ఉత్తరమూ రాదు. వంతెన మీద ఆగి, కింద పార్కులో ఆడుకుంటున్న పిల్లల్ని కాసేపు చూసి వెళ్ళిపోతాడు.