గంటల లెక్కలో వైద్యవిద్య

పదవ తరగతి విద్యార్థి ఏడాది పొడవున బడికి వచ్చినాడని హాజరు పట్టీ చెప్పును. అతనికి త్రికోణమితి వచ్చినదా అన్నది మాత్రము పరీక్షయే చెప్పవలెను. ఈ భేదము ఉపాధ్యాయులందరును ఎరిగినదే. వైద్యుల చదువు విషయమున మన నియమములు దీనిని మరచినట్లున్నవి.

పట్టా పుచ్చుకొన్న వైద్యుడు మరల చదువనేల? మలేరియా చరిత్రయే ఇందుకు జవాబు. అనకాపల్లికి ఎగువనున్న మన్యపు కొండలలో ఈ జ్వరము చిరకాలముగా కలదు. దీనిలో ప్రాణాంతకమైన ఫాల్సిపారమ్ రకమునకు ఒకప్పుడు క్లోరోక్విన్ చాలెడిది. 1973 లో అస్సాములో ఆ మందుకు లొంగని పరాన్నజీవి కనబడినది. మందుకు లొంగినవి చచ్చి, లొంగనివి మిగిలి వృద్ధి పొందుటచే ఈ లక్షణము వ్యాపించినది. కావుననే 2010 నాటి జాతీయ ఔషధ విధానము ఫాల్సిపారమ్ రోగులకు ఆర్టెమిసినిన్ జాతి మందును మరియొక మందుతో కలిపి ఇయ్యవలెనని నిర్దేశించినది. అంతకు ముందు చదివి, పిదప పుస్తకము తెరవని వైద్యుని చీటీ రోగికి అపాయము తేగలదు.

ఇందుకై భారత వైద్యమండలి 2002 నియమావళి ప్రతి వైద్యుడును అయిదేండ్లకు కనీసము 30 గంటలు విద్యాసభలలో పాల్గొనవలెనని చెప్పినది. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ క్రొత్త నియమములు వెలువరించి, ఆ నెలలోనే నిలిపివేయగా, పాతవే మరల అమలునకు వచ్చినవి. ఉద్దేశము మెచ్చదగినదే. కాని లెక్కించి చూడుడు: ఏడాదికి 6 గంటలు, అనగా నెలకు అరగంట!

కాలము కొంచెమగుట కంటె పెద్దలోపము వేరొకటి కలదు. ఈ నియమము కొలుచునది కూర్చున్న గంటలను. నేర్చిన విషయమును కాదు. డేవ్ డేవిస్ మొదలగువారు 1999 లో ప్రచురించిన సమీక్షలో, కేవలము ఉపన్యాసము వినుటచే వైద్యుల చికిత్సా పద్ధతి మారినట్లు కనబడలేదు. చర్చించి, స్వయముగా చేసి చూచిన తరగతులే కొంత ఫలమిచ్చినవి.

వైద్యుని ఇబ్బందిని కూడ గమనింపవలెను. అనకాపల్లిలో ఒంటరిగా ఆసుపత్రి నడుపువాడు విశాఖపట్నములో సభకు పోయినచో, ఆనాడు వచ్చిన రోగులు తలుపు చూచి తిరిగి పోవలసినదే. కావున చదువే వైద్యుని చెంతకు రావలెను. 1923 లో స్థాపితమైన ఆంధ్ర వైద్యకళాశాల విశాఖలోనే ఉన్నది. అట్టి కళాశాలల అధ్యాపకులు నెలకొకసారి చిన్న పట్టణములకు వచ్చి, పేర్లు తొలగించిన స్థానిక రోగుల చీటీలను ముందుంచుకొని వైద్యులతో చర్చింపవచ్చును. మూడు నెలల పిదప చికిత్స మారినదో లేదో మరల చూడవచ్చును. గంటలకు కాక, ఆ మార్పునకు గుర్తింపు ఇయ్యవలెను.

చలిజ్వరముతో మన్యము నుండి దిగివచ్చిన కూలివానికి, తన వైద్యుడు ఎన్ని సభలలో కూర్చుండెనో అక్కరలేదు. చీటీలో వ్రాసిన మందు నేటిదై యుండిన చాలును.