మూడు తుపాకీ ఆటలు: ఏది మేలు?

తుపాకీ పట్టినవాడి కళ్లతోనే ఆటగాడు అంతా చూసే కంప్యూటర్ ఆటలను ఫస్ట్ పర్సన్ షూటర్లు అంటారు. ఈ రకానికి బాట వేసిన ఆటల్లో మూడింటిని అమెరికాలోని ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థే తయారుచేసింది: వుల్ఫెన్‌స్టైన్ 3డి (1992), డూమ్ (1993), క్వేక్ (1996).

గ్రాఫిక్స్‌లో క్వేక్‌దే పైచేయి. వుల్ఫెన్‌స్టైన్‌లో గోడలన్నీ ఒకే ఎత్తు, మూలలన్నీ లంబకోణాలు. తెరపై ఒక్కో నిలువు వరుసకు ఒక్కో కిరణాన్ని ఊహించి, గోడ ఎంత దూరంలో ఉందో లెక్కకట్టడమే అందులోని కిటుకు. డూమ్‌లో మెట్లు, గుంటలు, వెలుగునీడలు వచ్చాయి. కాని గది మీద గది కట్టడం కుదరలేదు. రాక్షసులు చదునైన బొమ్మలే. క్వేక్‌లో గదులూ రాక్షసులూ బహుభుజులతో కట్టిన అసలైన త్రిమితీయ రూపాలు.

అయినా ఆడటానికి డూమే మేలు. బహుభుజుల లెక్కలు బరువు కనుక క్వేక్ ఒకేసారి కొద్దిమంది శత్రువులనే చూపింది. డూమ్‌లో వాళ్లు గుంపులుగా మీదపడతారు. ఎవరిని ముందు ఎదుర్కోవాలి, ఎటు తప్పుకోవాలి అని క్షణక్షణం ఆలోచించాలి.

ఇక ధర. వుల్ఫెన్‌స్టైన్ 6 భాగాల్లో, డూమ్ 3 భాగాల్లో, క్వేక్ 4 భాగాల్లో మొదటిది ఉచితంగా ఇచ్చారు. నచ్చితేనే మిగతావి కొనాలి. రుచి చూపించి అమ్మే ఈ పద్ధతి మెచ్చదగ్గది. అయితే డూమ్‌కు 386 కంప్యూటర్ చాలింది. క్వేక్ సాఫీగా నడవాలంటే పెంటియం కావలసివచ్చింది. ఆ యంత్రం ఖరీదునూ ఆట ధరలో కలుపుకోవాలి.

మూడింటిలోనూ రక్తపాతం మెండు, చిన్నపిల్లలకు తగవు. ప్రోగ్రామింగ్ నేర్చే కాలేజీ విద్యార్థులకు మాత్రం వీటిలో మరో లాభముంది. డూమ్ సోర్స్ కోడ్‌ను 1997లో, క్వేక్ సోర్స్ కోడ్‌ను 1999లో ఉచితంగా బయటపెట్టారు. చిన్న యంత్రంతో పెద్ద పని చేయించడమెలాగో అందులో చదివి తెలుసుకోవచ్చు.