పానిక్ వాంగ్మూలం

ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే ఫైర్‌వాల్ కెర్నెల్ పానిక్‌తో పడిపోతే, చాలా ఏళ్లపాటు తెర మీద ఒక కసురు కనిపించేది. కనీసం ట్రేస్, పీఎస్ అనే రెండు కమాండ్లు కొట్టి, వచ్చిందంతా జతచేసి పంపండి, అది లేకుండా మాకు చెప్పే శ్రమే పడొద్దు అని. అంతా పెద్దక్షరాల్లోనే. మర్యాద లేని మాటే, కానీ ఫైర్‌వాల్ జబ్బు కనిపెట్టే విద్యకు మొదటి పాఠం అదే: పడిపోయిన యంత్రం చేత ముందు వాంగ్మూలం ఇప్పించుకో, తర్వాతే లేపు.

ఈ సంప్రదాయం కెనడాలోని కాల్గరీ నుంచి వచ్చింది. థియో డి రాట్ 1995లో అక్కడే ఓపెన్‌బీఎస్‌డీ మొదలుపెట్టాడు. అందులో వాడుతున్న ఐపీఫిల్టర్ అనే ఫైర్‌వాల్ ప్రోగ్రాము మీద 2001లో లైసెన్సు తగాదా వచ్చి దాన్ని పీకేశారు. దాని స్థానంలో డేనియల్ హార్ట్‌మైయర్ రాసిన పీఎఫ్ వచ్చింది, అదే ఏడాది డిసెంబరులో 3.0తో విడుదలైంది. తర్వాత ఫ్రీబీఎస్‌డీలోకి, దాని మీదుగా పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సిస్టమ్‌లలోకి పాకింది. ఆఫీసు మూల అరలో మిణుకుమిణుకుమనే చిన్న పెట్టెలో పీఎఫ్ ఉందని దాని యజమానికే తెలియని సందర్భాలు కోకొల్లలు.

ఒకే నెట్ లైను చాలనప్పుడు రెండు లైన్లు తీసుకుని, ట్రాఫిక్‌ను పంచమని పీఎఫ్‌కు రౌట్-టు రూలు రాస్తారు. ఇక్కడ చాలామందికి వేగం రెట్టింపవుతుందన్న భ్రమ ఉంటుంది. నిజానికి పంపకం కనెక్షన్ల వారీగా జరుగుతుంది. ఒక కనెక్షన్ ఏ లైనెక్కితే చివరిదాకా ఆ లైనే. కాబట్టి రెండు లైన్లున్నాయని ఒక్క డౌన్‌లోడు రెట్టింపు వేగంతో రాదు. ఏ కనెక్షన్ ఎటు వెళ్లిందో స్టేట్ టేబుల్‌లో రాసి ఉంటుంది. అదే యూజరు ఒకసారి ఒక ఐపీతో, ఇంకోసారి మరో ఐపీతో కనిపిస్తే కొన్ని బ్యాంకు సైట్లు లాగౌట్ చేసేస్తాయి. అందుకే స్టిక్కీ-అడ్రస్ అనే మాట కూడా రూల్లో చేరుస్తారు.

‘ఫైర్‌వాల్ క్రాష్ అయింది’ అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి క్రాష్‌తో సంబంధం ఉండదు. స్టేట్ టేబుల్ నిండిపోయి ఉంటుంది, అంతే. ఒకప్పుడు పీఎఫ్‌లో దాని డిఫాల్ట్ హద్దు 10,000 స్టేట్లు, తర్వాత దాన్ని లక్షకు పెంచారు. ఒక్క బ్రౌజరే డజన్ల కొద్దీ కనెక్షన్లు తెరుస్తుంది, టొరెంట్ పెట్టినవాడి సంగతి చెప్పనక్కర్లేదు. టేబుల్ నిండితే పెళ్లి బంతిలా ఉంటుంది వ్యవహారం: కూర్చున్నవాళ్లకు వడ్డన సాగుతూనే ఉంటుంది, కొత్తగా వచ్చినవాళ్లకే విస్తరి దొరకదు. అంటే ముందే తెరిచి పెట్టుకున్న మీ ఎస్ఎస్‌హెచ్ విండో చక్కగా పనిచేస్తుంటుంది, ఆఫీసంతా నెట్ లేదని అరుస్తుంటుంది. ఈ వింత కనిపిస్తే పీఎఫ్‌సీటీఎల్ కమాండ్‌తో కౌంటర్లు చూడండి. మెమొరీ అన్న వరుసలో అంకె పెరుగుతుంటే దొంగ దొరికినట్టే.

ఇంకో మోసం లైన్ల నిఘా దగ్గర జరుగుతుంది. గేట్‌వే బతికుందో లేదో పింగ్‌తో చూస్తుంటారు. లైను కాస్త నిండి పింగ్ ఆలస్యమైతే చాలు, ‘చచ్చింది’ అనుకుని ఫైర్‌వాల్ ట్రాఫిక్‌ను పక్క లైనుకు మళ్లిస్తుంది. ఆ భారానికి అదీ నిండుతుంది. ఇలా అటూ ఇటూ ఊగుతుంటే బయటి నుంచి చూసేవాళ్లకు క్రాష్‌లాగే ఉంటుంది.

అసలైన పానిక్ సంగతి వేరు. తెర మీద కెర్నెల్ డీబగ్గరు డీడీబీ ప్రాంప్ట్ వచ్చి ఆగుతుంది. ట్రేస్ కొడితే ఏ ఫంక్షన్‌ను ఏది పిలిచిందో వరసగా వస్తుంది. పై రెండు మూడు వరుసలు పానిక్‌వే, వాటితో పనిలేదు, కిందికి దిగాలి. నెట్‌వర్క్ కార్డు డ్రైవరు పేరు తగిలితే అనుమానం అటు. పీఎఫ్ ఫంక్షన్ల పేర్లుంటే రూల్స్ తిరగేయాలి. ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించిన ప్యాకెట్‌ను పీఎఫ్ మళ్లీ రూల్స్ ముందు నిలబెట్టవచ్చు, అక్కడ ఇంకో రౌట్-టు తగిలితే మళ్లీ మళ్లింపు. ఇది అంతం లేకుండా సాగిపోకూడదని ప్రతి ప్యాకెట్‌కూ లెక్క పెట్టి, నాలుగు దాటితే పారేసే ఏర్పాటు కోడ్‌లోనే ఉంది. రౌట్-టు తీరును 2021లో ఓపెన్‌బీఎస్‌డీ 6.9 విడుదలలో మార్చారు. ఇంటర్‌ఫేస్ పేరు చెప్పే పాత పద్ధతి పోయి, తర్వాతి గేట్‌వే చిరునామా మాత్రమే ఇవ్వాలి. పాత రూల్స్‌తోనే అప్‌గ్రేడ్ చేసినవాళ్లు వాటిని తిరగరాసుకోక తప్పలేదు.

ఒక్క ట్రేస్ చూసి తీర్పు ఇవ్వకూడదు. నాలుగైదు పానిక్‌లను పక్కపక్కన పెట్టి చూడాలి. ప్రతిసారీ ఒకే చోట పడుతుంటే అది చాలావరకు సాఫ్ట్‌వేర్ తప్పే. ఒక్కోసారి ఒక్కో చోట పడుతుంటే ర్యామ్, వేడి, పవర్ సప్లై చూసుకోవాలి. నాకు తెలిసిన కిటుకుల్లో ఇంత చవకైనది, ఇంత నమ్మదగినది మరొకటి లేదు. లైను తెగినప్పుడు పడుతోందా, భారం పెరిగినప్పుడు పడుతోందా అన్నదీ రాసుకోవాలి. ఆ తర్వాత ఒక లైను పీకి నడపండి, రెండోది పీకి నడపండి, రెండూ ఉంచి రౌట్-టు తీసేసి నడపండి. ఒకసారికి ఒక్క మార్పే. ఒకేసారి మూడు మార్చి ‘బాగైంది’ అనేవాడు ఏది బాగుచేసిందో చెప్పలేడు.

పెట్టె నర్సీపట్నంలో, చూసేవాళ్లు హైదరాబాద్‌లో ఉంటే డీడీబీ దగ్గర ఆగి కూర్చోవడం కుదరదు. అప్పుడు డీడీబీ డాట్ పానిక్ విలువను సున్నా చేయాలి. యంత్రం మెమొరీని స్వాప్‌లోకి దించి తనే రీబూట్ అవుతుంది, లేచాక ఆ డంప్ వార్ క్రాష్ డైరెక్టరీలో దొరుకుతుంది. స్వాప్‌లో, వార్‌లో అంత చోటు లేకపోతే సాక్ష్యం మిగలదు. ఇది ఇన్‌స్టాల్ చేసే రోజే చూసుకోవలసిన లెక్క.

చివరగా చిన్న ఆఫీసులవాళ్లకు ఒక మాట. మొదటి లైను నిండుతోందని గ్రాఫ్ వారాల తరబడి చూపితే తప్ప పంపకం జోలికి పోవద్దు. ఒకటి వాడుకుని, రెండోదాన్ని మొదటిది తెగినప్పుడు మాత్రమే అందుకునేలా పెట్టండి. రూల్సూ తగ్గుతాయి, పడిపోయే దారులూ తగ్గుతాయి.