దిగుమతి ఆటయంత్రము – దాని అడాప్టరు: ఒక విమర్శ

పుస్తకమును విమర్శించునట్లే వస్తువును గూడ విమర్శింపవచ్చును. అది యే పనికై పుట్టినది, ఆ పనిని ఎంత చక్కగా చేయుచున్నది, తెలియనివారి చేతబడినచో ఏమి కీడు తెచ్చును అను మూడు ప్రశ్నలు వేసిన చాలును. జపాను దేశపు పాత వీడియో ఆటయంత్రములకు విద్యుత్తు నందించు చిన్న పెట్టె, అనగా అడాప్టరు, ఇట్టి విమర్శకు తగిన వస్తువు. ఆటలను గూర్చి వ్రాయువారు పెక్కుమంది గలరు. యంత్రమునకు ప్రాణము పోయు ఈ పెట్టెను గూర్చి తలచువారు అరుదు.

నింటెండో సంస్థ 1983 జూలైలో జపానులో విడుదల చేసిన ఫామికామ్ యంత్రమును ఉదాహరణగా గైకొందము. 1990 దశకమున మన పట్టణములలో "టీవీ గేము" అను పేర అమ్ముడుపోయిన యంత్రములలో పెక్కు దీని అనుకరణలే. నాడు వానితో ఆడుకొన్న పిల్లలు నేడు పెద్దవారై, అసలు యంత్రమును విదేశములనుండి తెప్పించి తమ బిడ్డల చేతికిచ్చుచున్నారు. యంత్రముతోపాటు పాత అడాప్టరును వచ్చును. చిక్కు అక్కడనే మొదలగును.

ముందుగా గుణమును చెప్పుదము. ఇంటి గోడలోని అధిక వోల్టేజిని ఆటయంత్రపు పెట్టెలోనికి రానీయక, దానిని గోడకడనే తగ్గించి, పిల్లవాని చేతికి అపాయము లేని 10 వోల్టులను మాత్రమే పంపుట మెచ్చదగిన యోచన. అదే అడాప్టరు 1990లో వచ్చిన సూపర్ ఫామికామ్‌కును పనికివచ్చినది. ఇంతవరకు నిర్మాతలకు నమస్కారము.

ఇక దోషములు. జపానులో ఇంటి విద్యుత్తు 100 వోల్టులు, మనకు 230. పాత అడాప్టరులో నుండునది ఇనుప కోరుమీద రెండు తీగచుట్టలు గల ట్రాన్స్‌ఫార్మరు. అది ఎంత ఇచ్చిన దానిలో నిర్ణీత భాగమును మాత్రమే బయటికి పంపును. 100కు 10 ఇచ్చునది 230కి లెక్కప్రకారము 23 ఇవ్వవలెను. అంతతో ఆగదు. రెండింతలకు మించిన వోల్టేజి పడగానే ఇనుప కోరు అయస్కాంతత్వముతో సంతృప్తమై, ఇక ప్రవాహమును అడ్డగింపజాలదు. మొదటి చుట్టలో ప్రవాహము విపరీతముగా పెరిగి, తీగ వేడెక్కి, దాని పూత మాడును. కొన్నిటిలో ఉష్ణ ఫ్యూజు తెగి రక్షించును. అన్నిటిలోను అది యుండునని నమ్మరాదు.

జపాను అడాప్టరు బద్దపుల్లలు మన సాకెట్టులో నిలువవని, బజారులో చౌకగా దొరకు ప్రయాణపు ప్లగ్గును కొందరు తగిలింతురు. అది పుల్లల ఆకారమును మార్చునే గాని వోల్టేజిని మార్చదు. పుల్లలు సరిపోవకుండుట ఒక హెచ్చరిక. ప్రయాణపు ప్లగ్గు ఆ హెచ్చరికను చెరిపివేయును.

రెండవ దోషము నిర్మాతలది. ఫామికామ్ అడాప్టరు ఇచ్చునది 10 వోల్టుల ఏకముఖ విద్యుత్తు, 850 మిల్లీ ఆంపియర్ల వరకు. ప్లగ్గు నడుమ ఋణధ్రువము, అంచున ధనధ్రువము. అదే సంస్థ 1985లో అమెరికాలో విడుదల చేసిన యంత్రపు అడాప్టరు ఇచ్చునది 9 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. రెండింటి ప్లగ్గు కొలత ఒక్కటే: వెలుపల 5.5, లోపల 2.1 మిల్లీమీటర్లు. అమెరికా యంత్రములో రాకపోకల ప్రవాహమును ఒక దిక్కునకు మరల్చు డయోడుల వంతెన కలదు, ఫామికామ్‌లో లేదు. అమెరికా అడాప్టరును ఫామికామ్‌కు తగిలించినచో ప్లగ్గు చక్కగా దూరును, యంత్రము చెడును. కూడని వానిని కూడనీయకుండ చేయుట ప్లగ్గు ధర్మము. ఆ ధర్మము ఇచట తప్పినది. సేగా సంస్థ మెగా డ్రైవ్ మొదటి నమూనాలో నడుమ ఋణము, రెండవ నమూనాలో నడుమ ధనము ఉంచినది. అయితే రెండవదానికి ప్లగ్గు కొలతను గూడ మార్చినందున వారు కొంత నయము.

మూడవ దోషము మన మాటలలో నున్నది. "ఆంపియర్లు ఎక్కువైన యంత్రము కాలిపోవును" అని తరచు వినుచుందుము. ఇది పొరపాటు. వోల్టేజి అడాప్టరు త్రోయునది. ప్రవాహము యంత్రము తనకు కావలసినంత లాగుకొనునది. చెరువులో నీరెంత యున్నను కడవ తన పరిమాణమునే ముంచును గదా! 850 మిల్లీ ఆంపియర్లు కోరు చోట 1 ఆంపియరుది మేలే. 300 మిల్లీ ఆంపియర్లది మాత్రము తానే వేడెక్కును.

వోల్టేజి సంగతి అట్లు కాదు. ఫామికామ్ లోపల 7805 అను రెగ్యులేటరు వచ్చిన వోల్టేజిని 5కు తగ్గించి, మిగులును వేడిగా మార్చును. యంత్రము 0.4 ఆంపియరు లాగుననుకొన్నచో, 10 వోల్టులకు వేడి 2 వాట్లు. 23 వోల్టులకు 7.2 వాట్లు. చిన్న లోహపు రేకు ఆ వేడిని మోయలేదు. ఆ రెగ్యులేటరుకు కనీసము 7 వోల్టులు కావలెను గనుక 9 వోల్టులు హాయిగా సరిపోవును.

కావున కొనదగినది ఇట్టిది: ప్రవేశము 100–240 వోల్టులు, నిర్గమము 9 వోల్టుల స్థిరమైన ఏకముఖ విద్యుత్తు, 1 ఆంపియరు, నడుమ ఋణము. పేరుపలకపై అలవంటి గుర్తు ఏకాంతర విద్యుత్తునకు, నిండు గీతక్రింద తునకల గీత ఏకముఖ విద్యుత్తునకు చిహ్నములు. బజారులోని 9 వోల్టుల అడాప్టరులలో పెక్కింటికి నడుమ ధనము. కాబట్టి ధ్రువముల బొమ్మను తప్పక చూడవలెను. విద్యుత్ గిటారు పెడళ్లకు అమ్మునవి సాధారణముగా నడుమ ఋణము గలవే. వాని ఆంపియర్లు మాత్రము సరిచూచుకొనవలెను. తగిలించుటకు ముందు మల్టీమీటరు ఎఱ్ఱ మొనను ప్లగ్గు రంధ్రములోను, నల్ల మొనను వెలుపలి లోహముపైనను ఉంచినచో అంకెముందు ఋణచిహ్నము కనబడవలెను. పాత అడాప్టరునే వాడదలచినవారు 230ని 100కు తగ్గించు నిజమైన ట్రాన్స్‌ఫార్మరును కొనవలెను. వేడిచేయు సాధనములకై అమ్ము తేలికపాటి కన్వర్టరులు దీనికి పనికిరావు.

వోల్టేజి తప్పినచో యంత్రము పోవును. అది సొమ్ము నష్టము. అంతకు మించిన భయము మరియొకటి కలదు. అడాప్టరులో గోడవైపు తీగకును, యంత్రమువైపు తీగకును నడుమ విద్యుద్బంధము లేకుండుటయే ప్రాణరక్షణ. మిక్కిలి చౌక సరకులో ఆ నడిమి ఎడము సన్నము, పూత పలుచన. అది తెగిన క్షణమున 230 వోల్టులు యంత్రములోనికి, దాని తీగలలోనికి, టీవీ తీగ లోహపు మొనకు చేరవచ్చును. ఫామికామ్ చేతిపిడుల తీగలు యంత్రమునకే అతికియుండును. పిల్లలు పట్టుకొనునవి అవియే. ఈ అపాయము బయటికి కనబడదు, మల్టీమీటరును చెప్పదు. మన దేశమున ఇట్టి అడాప్టరులకు భారత ప్రమాణముల సంస్థకడ నమోదు తప్పనిసరి. ఆర్ అక్షరముతో మొదలగు ఆ నమోదు సంఖ్యను సంస్థవారి బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో సరిచూడవచ్చును. చతురస్రములో చతురస్రము గల గుర్తు ఇనుమడి రక్షణపూతను తెలుపును.

నేటి టైప్-సి ప్లగ్గు ముందు 5 వోల్టులే ఇచ్చి, సాధనము కోరి ఒప్పందము కుదిరినపిమ్మటనే అంతకు మించి ఇచ్చును. నలువది యేండ్లనాటి దోషమునకు ఇంజనీర్లు చేసికొన్న దిద్దుబాటిది. పాత యంత్రములకు ఆ వివేకము లేదు. దానిని మనమే సమకూర్చవలెను. వేలు పోసి యంత్రమును కొన్నవారు అడాప్టరుకడ వందలు మిగుల్చుకొనుట పొదుపు అనిపించుకొనదు.